మెడికల్ షాపాయన రూలు

ఒరే తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్న నర్సరీలో మామిడి మొక్కలకి అంట్లు కడుతుంటే చాకు జారి నా వేలు తెగింది. మేస్త్రి నన్ను తీసుకెళ్లి ఎస్టీడీ బూత్ పక్కనున్న మెడికల్ షాపులో కూర్చోబెట్టాడు. కాల్లో గునపం దిగినప్పుడు నువ్వు వెళ్లిన షాపే.

ఆ రోజు డాక్టరుగారు ఊళ్లో లేరు. టీటీ ఇంజక్షన్ ఫ్రిజ్‌లోనే పెట్టుకుని, "మేం అమ్మడమేనండి, చెయ్యకూడదు. రూలు ఒప్పుకోదు. రాజమండ్రి వెళ్లండి" అన్నాడట షాపాయన. నువ్వేమో "అలాగేనండి" అని వచ్చేసి, లారీకి మొక్కలెక్కించే పనిలో పడ్డావు. తర్వాత ధనుర్వాతం వచ్చి దవడలు బిగుసుకుపోయాక గానీ మాకు సంగతి తెలియలేదు. ఆయన్ని ఇంకోసారి అడిగితే నీ మర్యాద తరిగిపోయేదా? నీ మీద కూడా నాకు కోపం తగ్గలేదురా.

ఇవాళ నేను నోరు తెరవకముందే ఆయన ఫ్రిజ్ తీశాడు. జబ్బ మీద దూదితో తుడిచి, సూది దించింది కూడా తెలియనంత నేర్పుగా ఇంజక్షన్ చేసేశాడు.

"రూలు మారిందాండి?" అని అడిగాను.

"లేదండి. మీ తమ్ముడుగారి సంగతి తెలిశాక, ఎవరొచ్చినా చేసేస్తున్నానండి."

బల్ల మీద కూర్చున్న ముసలమ్మ ఆయన్ని చల్లగా ఉండమని దీవించింది. నాకు ఒళ్లు మండిపోయింది. అంత సులువైన పని నీకెందుకు చెయ్యలేదు?

నేను లేచేసరికి ఆయన గుమ్మం దాకా వచ్చాడు. "తప్పయిపోయిందండి. మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

నీలాగా "అలాగేనండి" అనడం నాకూ వచ్చు. అనలేదు.

అక్క