రూతు చెప్పిన వాక్యం

పెద్దపల్లి
15 డిసెంబరు 1987

మన రూతు బాపుకు,

మీరిద్దరూ వేళకు తింటున్నారని నమ్ముకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా అవ్వ విరిగిన కాలు ఇంకా అతుక్కోలేదు. పండుగకు నేను నస్పూర్ రాలేను.

పిల్లను తీసుకుని ఇక్కడ రైలెక్కేటప్పుడు మీరన్న మాట నాకు ముద్ద దిగనివ్వడం లేదు. "క్రిస్మస్‌కు చర్చిల నిలవడి వాక్యం అప్పజెప్తెనే బడి. లేకుంటె కరీంనగర్ బంద్, ఇంట్లనే ఉంటది" అన్నారు. దాని ముందరే అన్నారు. ఎట్లాగూ మరిచిపోతుందని మీ ధైర్యం. మాట మరిచిపోతుందేమో గానీ, మీ మొహం మరిచిపోదు.

దాన్ని మీరు మొద్దు, మొండిది అంటారు. "నీళ్లు తే, తలుపు వెట్టు, చెప్పులు లోపలెయ్" అని ఒక్క గుక్కలో చెప్తారు. అది నీళ్లు తెచ్చి నిలబడిపోతుంది. నేనూ కసురుకునేదాన్నే. కరీంనగర్ బడిలో లీలాబాయి టీచర్ నాకు విడమరిచి చెప్పింది. "గా పిల్లకు తెల్వక కాదమ్మా. చెప్పిన మాటను పని అయ్యేదాంక మనసుల వట్టుకోవాలె గద, గా పట్టు జర చిన్నది. ఒక్కటి చెప్పు. గది అయినంక ఇంకోటి చెప్పు" అన్నది. అట్లా చెప్తుంటే మొన్న రూతు బియ్యం ఏరి, కడిగి, అన్నం వండింది. నేను చెయ్యి పెట్టలేదు.

కోపం చేయకండి. అది వాక్యం చెప్పినా, చెప్పకున్నా సెలవులు కాగానే వచ్చి తీసుకుపోతాను. కరీంనగర్‌లో బడి కోసం నేనూ రూతూ ఉంటున్న గదిని మీరు ఖాళీ చేయమంటే, అక్కడే మా అన్న ఇంట్లో ఉండైనా చదివిస్తాను. పెండ్లయినప్పటి నుంచి మీ మాటకు ఎదురు చెప్పలేదు. ఇదే మొదలు.

మీ
దెబోరా

నస్పూర్
26 డిసెంబరు 1987

దెబోరాకు,

నీ ఉత్తరం చదివితే ఒళ్లు మండింది. ఆ మంటతోనే రోజూ బొగ్గుబాయి పని నుంచి రాగానే పిల్లను కూర్చోబెట్టి వాక్యం మొత్తం వల్లె వేయించాను. గోడకు చెప్పినట్టే అయింది.

నిన్న చర్చిలో దాని పేరు పిలిచారు. పోయి నిలబడింది. ఒక్క మాట రాలేదు. బిత్తరపోయి నా వైపే చూసింది. నువ్వు రాసిన మొహం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నా మొహం ఎట్లా ఉందోనని నాకే భయమేసింది. లేచి వాక్యంలో మొదటి ముక్క అందించాను. గట్టిగా అన్నది. ఇంకో ముక్క ఇచ్చాను. అదీ అన్నది. మన చర్చిలో చదువు రాని ముసలవ్వలే ఎక్కువ కదా, పాస్టరయ్య ఒక ముక్క చెప్తే తిరిగి అనడం వాళ్లకు అలవాటు. ముందు కూర్చున్న సత్తవ్వ రూతు వెంట మొదలుపెట్టింది, ఆ వెనక అందరూ అందుకున్నారు. నేను రూతుకు చెప్పడం, రూతు చర్చికి చెప్పడం! నన్ను కన్న అవ్వ కూడా వాక్యాలన్నీ అట్లానే నేర్చుకుంది. ఆమెను ఎవరూ మొద్దు అనలేదు, దెబోరా.

వాక్యం అయిపోయినా పిల్ల కదలదు. ఎవరైనా చెప్తే కదా! మెల్లగా "కూసో బిడ్డా" అన్నాను. అది అందరి వైపు తిరిగి "కూసో బిడ్డా" అని గట్టిగా అన్నది. ముసలవ్వలంతా ఒక్క గొంతుతో "కూసో బిడ్డా" అన్నారు. పాపం, పాస్టరయ్య కూర్చున్నాడు. అందరికంటే ముందు నవ్వింది రూతే. ఆ తర్వాత చర్చి మొత్తం నవ్వింది. ఇంకెప్పుడైనా అయితే సిగ్గుతో చచ్చేవాణ్ని. నిన్న మాత్రం నవ్వుతూనే ఏడ్చాను.

నువ్వు ఇక్కడికి రావద్దు, అప్పటిదాకా మీ అవ్వను చూసుకో. బడి తెరిచిన రోజు రూతును నేనే కరీంనగర్ గదికి తీసుకొస్తాను. మీ అన్నకు ఆ శ్రమ ఎందుకు? తండ్రిని నేను బతికే ఉన్నాను.

ఇట్లు
రూతు బాపు, తోమాసు