చుక్కల కోడి గుడ్లు

ముతాలె.

మెస్సినాలో ఉన్న ఎలెల్వాని వాళ్ళమ్మకు,

ఇక్కడ నేను, మేకలు కులాసా. అక్కడ నువ్వు, బాలింత, పసిబిడ్డ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు. పైకప్పు గడ్డి మార్పించాను. జావ కాచుకుంటున్నాను, మాడటం లేదు. అల్లుడు చెప్పిన బజారు తెల్లకోళ్ళు మనకొద్దు. ఈ ఎండకు ఆగవు, డేగ వస్తే చూస్తూ నిలబడతాయి. మనవి తిండి అవే వెతుక్కుంటాయి, చెట్టెక్కి పడుకుంటాయి.

చుక్కల కోడి పొదిగిందా అని రెండుసార్లు అడిగావు. దాని సంగతి రాద్దామని కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాను.

మీ అన్నయ్య వచ్చాడు, చెప్పాపెట్టకుండా, మిట్టమధ్యాహ్నం. కోడి కోయకపోతే మర్యాద కాదు. గింజలు చల్లి పిలిచాను. ఒక్కటీ చిక్కలేదు, అన్నీ మారులా చెట్టెక్కాయి. అతను అరుగు మీద కూర్చుని, "బావా, కోళ్ళను నువ్వు పడుతున్నావా, నిన్ను అవి ఆడిస్తున్నాయా?" అని నవ్వాడు. సిగ్గేసింది. కదలకుండా ఉన్నది గూట్లో పొదుగుతున్న చుక్కలది ఒక్కటే.

దాన్నే కోశాను. మీ అమ్మ నీకు పెళ్ళిలో ఇచ్చిన కోళ్ళ సంతతిలో అదే ఆఖరి పెట్ట. మీ అన్నయ్య కందనకాయ నములుతూ, "మా అమ్మ కోళ్ళ రుచే వేరు" అన్నాడు. నా వంతు ముక్కలు కూడా అతని పళ్ళెంలోకే తోశాను.

గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి. టోపీలో పెట్టుకుని, నువ్వు గడప తొక్కొద్దన్న పక్కింటి న్యాముకమది దగ్గరికే వెళ్ళాను. ఆమె పెట్ట కూడా ఆ వారమే పొదుగుకు కూర్చుంది. వాకిట్లో చతికిలబడి, చేతులు జోడించి 'న్దా' అని దండం పెట్టాను. టోపీ ఆమె ముందుకు జరిపాను.

"మీ ఆవిడ కోళ్ళు నా వేరుశెనగ చేనంతా కెలికాయి. ఇప్పుడు వాటి పిల్లల్ని నా పెట్ట సాకాలా?" అంది. అంటూనే టోపీ లాక్కుంది. "పుట్టినవాటిలో సగం నావి, ఎక్కడైనా అంతే కదా. మిగతా సగం నీ చేతికివ్వను పెద్దాయనా. ఆవిడే వచ్చి నన్ను నోరారా అడగాలి."

అప్పటినుంచి కంచెకూ ఇంటికీ తిరుగుతున్నాను. ఒకచోట కూర్చోలేను. ఈ పొద్దున కిచకిచలు వినిపించాయి. కంచె సందులోంచి ఒక పిల్ల కనిపించింది, ఒంటి మీద చుక్కలు లేవు. చిన్నప్పుడు ఉండవని నువ్వే అన్నావు కదా? అది మనదో ఆమెదో నాకు తెలియడం లేదు. నువ్వయితే చూడగానే చెబుతావు.

తిట్టడానికైనా సరే, త్వరగా రా.

ఇట్లు,
ఎలెల్వాని నాన్న