వంకాయ తప్పేం లేదు

ఏమయ్యా, మా చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారని పొదిలి పోతున్నా. సాయంత్రం బస్సుకు వస్తా. నీ బిళ్ల టీవీ పక్కన పెట్టినా, అన్నం తిని వేసుకో. ఒళ్లు నొప్పులని దుకాణంలో ఏదో ఒకటి కొని మింగొద్దు. మొన్న అట్ల మింగినందుకే గొర్రెల దొడ్డి కాడ కళ్లు తిరిగి పడినావు. కందిరీగ కుడితే చూద్దాంలే అని కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యి.

దద్దుర్లు లేస్తే, తగ్గుతాయని గొంగళితో రుద్దొద్దు. రుద్దేకొద్దీ ఎక్కువైతాయని డాక్టరమ్మ నీ ముందరే చెప్పింది. మన గొంగళి పెట్టెలో వేసి తాళం వేసినా. పక్కింటి మల్లేశ్వరమ్మత్తను అడగబోవద్దు, ఆమెది కూడా అదే పెట్టెలో ఉంది.

ఇంకో మాట. అలర్జీ వాళ్లకైనా నీకైనా దద్దుర్లు లేపేది ఒంట్లో కాపలా ఉండే మాస్ట్ కణాలేనంట. వాళ్లకు అవి దొంగను చూసిన కుక్క మాదిరి మొరుగుతాయి, నీది అలర్జీ కాదు, ఆ కణాల జబ్బే, దొంగ లేకున్నా మొరుగుతాయి. మరి తొమ్మిదేళ్లు నా వంకాయ కూరను దొంగను చేసి చుట్టాలందరి ముందర నవ్వినావే. పరీక్షల్లో దాని తప్పేం లేదని తేలింది గదా. మా అన్నకు ఫోన్ చేసి ఆ మాట నీ నోటితో చెప్పు. స్పీకర్ పెట్టమను, వదిన కూడా వినాలి.

గుత్తి వంకాయ చేసి పొయ్యి పక్కన మూత పెట్టినా. నీకు ఇష్టమని నాకు తెలుసు.

కోపం వచ్చినా దద్దుర్లు లేస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఈ మాట మొదట్లోనే రాయాల్సింది, మరిచిపోయినా.