ఆ సీరియల్లో అక్క

చి. నాగశ్రీకి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా అని మొదట రాయాలి కాబట్టి రాశాను. నీ ఉత్తరం నా స్కూలు అడ్రసుకే వచ్చింది, ఎవరూ విప్పలేదు, కంగారు పడకు. మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి వెళ్ళాక స్టాఫ్ రూములో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంట్లో ఫోను మోగితే చాలు, మీ బావ "స్పీకర్లో పెట్టు, మేమూ ఇంటాం" అంటారు. బరంపురంలో ఉన్న నాకూ విశాఖలో ఉన్న నీకూ ఈ కాలంలో కూడా పోస్టుమానే దిక్కయ్యాడు.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు. నా మోకాలు అలాగే ఉంది, మెట్లెక్కితే ఏడుస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. అత్తయ్యగారికి కళ్ళ ఆపరేషన్ అయింది. ఇప్పుడు టీవీ ఇంకా బాగా కనిపిస్తోందని ఒకటే సంబరం. మా లిపికి పన్నెండేళ్ళు నిండాయి, నా భుజం దాకా వచ్చేసింది. నువ్వు పంపిన రంగుల డబ్బా మొత్తం ఖాళీ చేసి ఆకుపచ్చ ఒక్కటే మిగిల్చింది. అదేమిటే అంటే, "సెట్లూ కొమ్మలూ గీయడం నాకు రాదమ్మా" అంది.

ఊళ్ళో ఠాకురాణి యాత్ర హడావుడి మొదలైంది. రెండేళ్ళకోసారి అమ్మవారు పుట్టింటికొచ్చి ఉండే రోజులు కదా, వీధిలో ఏ ఇంట చూసినా ఆడపిల్లలు పెట్టెలతో దిగుతున్నారు. "మీ సెల్లెలు ఈసారైనా వస్తాదా?" అని ఎదురింటి సరళ వదిన రోజూ అడుగుతోంది. అమ్మా నాన్నా పోయాక నీకు పుట్టిల్లంటే మా ఇల్లే. కిందటి రెండు యాత్రలకీ నువ్వు రాలేదు. "పట్నం జీతం తలకెక్కింది దానికి" అని మీ బావ అన్నప్పుడు నేను ఊఁ కొట్టాను. దాచడం ఎందుకు, అదీ రాసేస్తున్నాను.

ఇక ఉత్తరం చివర నువ్వడిగిన రెండు మాటలు. "ఆ రోజు వంటింట్లో నువ్వు చూశావా అక్కా? ఇప్పుడు నేనొచ్చి అందరి ముందూ అది చెబితే నా పక్కన నిలబడతావా?" వాటిని ఎన్నిసార్లు చదివానో. జవాబు రాసే ముందు మొన్న జరిగినది చెప్పనీ.

సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో ఆ బావగారి సీరియల్ పెడతారని నీకు తెలుసు. నువ్వు డిగ్రీకి మా దగ్గరున్న రెండేళ్ళూ అదే, ఇప్పటికీ అదే. బావగారు మరదలి కొంగు లాగుతాడు. వెనకాల నవ్వులు. నడుం గిల్లుతాడు, ఆ పిల్ల "ఛీ పో బావా" అని గెంతుతుంది, ఇంకా పెద్ద నవ్వులు. అప్పుడు అక్క అట్లకాడ పట్టుకొచ్చి "ఏవండీ, మీ సరసాలు చల్లగుండ!" అంటుంది. చప్పట్లు, అయిపోయింది. ఆ నవ్వేవాళ్ళు ఎవరో, ఎక్కడ కూర్చుని నవ్వుతారో ఏనాడూ కనపడరు. బడిలో గంట కొడితే పిల్లలు లేచినట్టు, వాళ్ళు నవ్వగానే మేం నలుగురం నవ్వుతాం. పదేళ్ళుగా నవ్వుతున్నాను నాగూ.

మొన్న ఆ నవ్వుల మధ్యలో లిపి నా వైపు తిరిగి, "అమ్మా, మన వంటింట్లో నాన్న ఇలాగే సేస్తే పిన్ని ఎందుకు నవ్వలేదు? పిన్నికి జోకు అర్థం కాలేదేటి?" అని అడిగింది.

అప్పుడు దానికి ఆరేళ్ళు. గుమ్మం అవతల బొమ్మలేసుకుంటూ అదీ చూసిందని నాకిన్నాళ్ళూ తెలియదు. మీ బావ రిమోట్ తీసి సౌండు పెంచారు. ఆయనకీ బాగా గుర్తుందని అప్పుడు తెలిసింది.

నేను లేచి టీవీ ఆపేశాను.

"ఏటే లతా, ఆపేసినావేటి? కళ్ళొచ్చినాక నాలుగు నవ్వులు నవ్వుకుందామంటే అదీ లేదేటి ఈ ఇంట్లో?" అన్నారు అత్తయ్యగారు.

"నాగశ్రీ మనిల్లు వదిలి ఎందుకు వెళ్ళిపోయిందో మీకు తెలుసు," అన్నాను ఆయనతో.

"ఎందుకేటి? థట్టా సేసినాను, ఏదో ఏళాకోళం. బావా మరదళ్ళు సరసమాడకపోతే ఇంకెవరాడతారు? ఊరంతా పిల్లా జెల్లాతో కూకుని సూస్తన్నారు. తప్పయితే టీవీలో ఏస్తారేటి?" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "అయినా ఆ రోజు ముందు నవ్వింది నువ్వే కదే," అన్నారు.

టీవీ మళ్ళీ నేనే పెట్టాను.

అవును నాగూ, చూశాను. నువ్వు మిక్సీ దగ్గర నిలబడి కొబ్బరి పచ్చడి చేస్తున్నావు. నీ రెండు చేతులూ మూత మీదే ఉన్నాయి. ఆయన వెనకనుంచి వచ్చి నడుం మీద చెయ్యి వేశారు, ఆ చెయ్యి అక్కడితో ఆగలేదు. నువ్వు బిగుసుకుపోయి నా వైపు చూశావు. ఆ చూపు నాకు అర్థం కాలేదంటే అబద్ధం. అర్థమైంది. అయినా నోరు తెరిచి ఏమన్నాను? "ఏవండీ, మీ సరసాలు చల్లగుండ!" అన్నాను. పెద్దగా నవ్వాను కూడా. సీరియల్లో అక్క ఆ మాట అంటే గొడవ ఉండదు, అందరూ అన్నాలకి కూర్చుంటారు. మనం కూడా అలాగే కూర్చున్నాం. నువ్వు ముద్ద మింగలేదు, నేనే నీకు పచ్చడి మారు వడ్డించాను.

నెపం సీరియల్ మీదకి నెట్టేస్తున్నాననుకోకు. నోరు నాదే. ఆ తర్వాత ఎన్నిసార్లయిందో నేను అడగలేదు. పరీక్షలయ్యాక నువ్వు పెట్టె సర్దుకుంటే, పీడ విరగడైందన్నట్టు ఊపిరి పీల్చుకున్నాను. నీకు క్షమాపణ అడిగే మొహం కూడా నాకు లేదు తల్లీ.

రెండో మాట. నిలబడతానని రాసి రెండు కాగితాలు చింపేశాను. ఇంట్లో ఒక్క మాటకే కూలబడిపోయినదాన్ని, ఊరి జనం మధ్య నీ పక్కన ఏం నిలబడతాను? నా ఉద్యోగం నాకుంది, నా జీతం నాకుంది, అయినా ధైర్యం మాత్రం ఎక్కడా దొరకడం లేదు. నిన్నటి నుంచి లిపి ఒక కొత్త పని చేస్తోంది. టీవీలో నవ్వులు రాగానే ముందు నా మొహం చూస్తోంది. నేను నవ్వితే అప్పుడు నవ్వుతోంది. నేను నవ్వుతూనే ఉన్నాను.

కాబట్టి నువ్వు రాకు. ఆదివారం మీ బావ నిన్ను యాత్రకి పిలవడానికి ఫోన్ చేస్తారు. స్పీకర్లో పెడతారు. అత్తయ్యగారు పిలుస్తారు, లిపి పిలుస్తుంది, చివరికి నేనూ పిలుస్తాను. "రావే, నువ్వు లేకపోతే పండగేమిటి" అని నవ్వుతూ అంటాను. ఆ గొంతు నమ్మకు. సెలవు దొరకలేదని చెప్పి ఫోన్ పెట్టెయ్యి.

ఇట్లు,
నిన్ను రావద్దనడం తప్ప ఇంకేమీ చేతకాని
మీ అక్క,
మధులత