ఒకప్పుడు చింతచెట్టున్న చోటు

అమ్మా, జ్వరం తగ్గింది, మనాగువాలో మళ్ళీ పనిలోకి వెళ్తున్నాను, బెంగపడకు. నువ్వు మొక్కజొన్న పిండితో కాల్చి పంపిన రోస్కియాలు మాత్రం నా నోటికి అందలేదు. నా చిరునామా "ఒకప్పుడు చింతచెట్టున్న చోటు నుంచి సరస్సు వైపు రెండో ఇల్లు". నువ్వు "ఒకప్పుడు" మింగేశావు. చెట్టు ఇంకా ఉన్నది వెనక వీధిలో, డబ్బా అక్కడికి పోయింది! అక్కడి దోన్యా ఎర్మెలింద డబ్బా ఖాళీ చేసి, "మీ అమ్మని ఉప్పు తగ్గించమనవే" అంది. వీధంతా వినేలా కడిగేశాను. మొన్న గాలివానకి ఆ చెట్టూ కూలింది. ఇక రెండు వీధులకీ "ఒకప్పుడే". నాన్న మోకాలు ఎలా ఉంది? నా ఎర్ర గొడుగు చెల్లికి ఇవ్వకు. ఈసారి డబ్బా మీద "రోస్కియాల కోసం పోట్లాడిన పిల్ల ఇల్లు" అని రాయి. పోస్టాయనే అలా రాయించమన్నాడు, పేటంతా నన్ను అలాగే గుర్తుపడుతోందట.

అందరికీ ముద్దులు,
నీ యామిలెత్