సొట్టలో పసుపు

మూసాపేట, హైదరాబాద్.

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు తమ్ముడు నర్సయ్య పాదాలకు మొక్కి రాస్తున్నాడు. మేమంతా బాగున్నాము. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? ఇది చదివి వినిపిస్తున్న మనవరాలికి ముద్దులు.

ముందు సంతోషం చెబుతాను. నీ మేనల్లుడు శ్రీను క్షేమం, ఒంటి మీద గీత కూడా పడలేదు. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు దగ్గర ఇసుక లారీ వెనక్కి వచ్చి మన వ్యాను ముందు భాగాన్ని గుద్దింది. లైటు పగిలి, రేకు లోపలికి పోయింది. వాడు మాత్రం నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. అక్కా, ఆ రోజు మాకు పండుగే! గండం గడిచిందని నీ మరదలు లక్ష్మి, నువ్వు నేర్పిన పద్ధతిలోనే, సొట్టకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

అదే మా మెడకు చుట్టుకుంది. నష్టం చూసి రాసుకోను ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ వచ్చాడు. స్కూటరు ఇంజను కూడా ఆపలేదు. వేలితో పసుపు గీకి చూశాడు.

"ఇది దసరా పూజ పసుపు. అంటే సొట్ట అంతకు ముందుదే. పైసలు రావు."

"గది నేను మొన్న పెట్టిన బొట్టు, బిడ్డా!" అని లక్ష్మి మొత్తుకుంది.

"సొట్టకు ఎవరన్న బొట్టు పెడ్తరా అమ్మా?" అని నవ్వి పోయాడు. ఛీ! తల్లి మొక్కును చూసి ఆ నవ్వేమిటి?

శ్రీనును తీసుకొని వాళ్ల ఆఫీసుకు పోయాను. చల్లటి గది, మెత్తటి కుర్చీలు. మమ్మల్ని నిలబెట్టే మాట్లాడారు.

"తాతా, సర్వేయర్ రాసిండంటే రాసినట్టే."

"దసరా పోయినంక వానలు పడలేదా సాబ్? మావోడు బండి రోజూ కడుగుతడు. గా పసుపు ఇంకా ఉంటదా?"

వాళ్లలో వాళ్లు ఇంగ్లీషులో ఏదో అనుకున్నారు. శుక్రవారం ఇంకొకాయన వచ్చి చూస్తాడట. అందాక వ్యాను మూతి పగిలి ఇంటి ముందే ఉండాలట. శ్రీను చేసే, కంప్యూటర్ ఆఫీసు వాళ్లను దింపే పని అప్పుడే చందానగర్ బండికి ఇచ్చారు. శుక్రవారం కూడా సొట్ట పాతదే అన్నారంటే ఆ పని ఇక రాదు. థూ, ఏం మనుషులు!

తిండికి లోటు లేదక్కా, ఫికర్ చేయకు. నీ జొన్నరొట్టె రుచే దొరకదు. ఎదురింటి కోస్తావాళ్లు "బాగున్నారాండి" అని రోజూ అడుగుతారు. "ఏంరా నర్సిగా" అని పిలిచే నోరు ఒక్కటీ లేదు.

ఒక్క మాట అడుగుతాను. నిన్న శ్రీను వేరేవాళ్ల బండి నడపడానికి పోతుంటే, లక్ష్మి కుంకుమ భరిణెతో గడప దాకా వచ్చింది. వాడి నుదుటికి చెయ్యి లేపి, సగంలో ఆపి, లోపలికి పోయింది.

"ఏందే?" అన్నాను.

"నా చెయ్యి మంచిది కాదు. బొట్టు పెట్టి వాని బువ్వ పోగొట్టిన."

సొట్ట పాతదంటే నేను కొట్లాడగలను. ఈ భయం మాత్రం నువ్వు చెబితేనే పోతుంది. నీ మాటంటే దానికి గురి. కొడుక్కి బొట్టు పెట్టమని ఒక కార్డు రాయించు. శుక్రవారం ఏమైనా కానీ, నువ్వు రాయించు.

బావగారికి, పెద్దలందరికీ దండాలు. నీ దీవెన మా నెత్తిన ఉండాలి. కార్డు నాలుగు మూలలకూ నీ చేత్తో పసుపు పెట్టు అక్కా. లక్ష్మికి చదువు రాదు, అది చూస్తే చాలు.

నీ తమ్ముడు,
నర్సయ్య