ఖాళీగా రాని ఆరు ట్రేలు

అత్తిబెలె, 4-6-1997

పూజ్యులు సుబ్బలక్ష్మమ్మగారికి, ట్రేల పరీక్ష విభాగం నుంచి ఓంకార్ నమస్కరించి రాస్తున్నాను.

నగర్తపేటలో మీ బెల్లం గోదాములో చోటిస్తామన్నారు, సంతోషం. లారీ డ్రైవర్ ఆవులప్ప చేత ఆరు ప్లాస్టిక్ ట్రేలు పంపుతున్నాను. ఒక్కోదాంట్లో నోరు కుట్టిన ఐదు కిలోల ఇసుక సంచి. ఒకదానిమీద ఒకటి పెట్టి, వారం తర్వాత పంపించండి. ఇలా రెండుసార్లు. మేము సంచులు విప్పం, తూచి రాసుకుంటాం. అడుగు ట్రే వంగితే విభాగమే మూసేస్తామన్నారు మేనేజరుగారు. నా ఉద్యోగమూ, నాతో పనిచేసే జరీనా ఉద్యోగమూ పోతాయి. ఆమెకు ఇద్దరు పిల్లలు.

విధేయుడు, ఓంకార్

తా.క. ట్రేల మీద దయచేసి ఎవరూ కూర్చోవద్దు.

నగర్తపేట, 12-6-1997

చిరంజీవి ఓంకార్‌కు, నూరేళ్లు చల్లగా ఉండప్పా.

గోదాము గోడ బీటలిచ్చి నెల రోజులుగా దిగులుతో ఉండాను. సరిగ్గా అప్పుడే నీ ట్రేలు వచ్చినాయి. ఎంత బుద్ధిమంతుడివి! ఇంటికొచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపేది మా ఇంటా వంటా లేదు. సంచుల నోళ్లు నేనే కుట్టి పంపుతాండాను.

ఆశీస్సులతో, సుబ్బలక్ష్మమ్మ

తా.క. నేను కూర్చుంటే మంచమే నిలవలేదు. నీ ట్రేల జోలికి పోలేదులే.

అత్తిబెలె, 14-6-1997

అమ్మగారికి నమస్కారాలు.

ట్రేలు చేరాయి. ఏ ఒక్కటీ వంగలేదు. కానీ ఐదు కిలోల సంచి ఏడు కిలోలు తూగింది. గోదాము కురుస్తోందా? అవే సంచులను రెండో విడతకు అలాగే తిప్పి పంపుతున్నాను. ఈ తేడా ఎందుకొచ్చిందో రాయండి. నాకు నిద్ర పట్టడం లేదు.

మీ ఓంకార్

తా.క. రెండు కిలోల మాట విని మేనేజరుగారు మొహం మాడ్చుకున్నారు.

నగర్తపేట, 22-6-1997

ఓంకార్‌కు,

పెట్టింది వెనక్కి పంపేవాణ్ణి అరవై ఏళ్లలో నిన్నే చూస్తాండాను. నాకు కడుపు రగిలిపోయింది. చాలకుంటే చాలదని చెప్పొచ్చు కదా, నా గోదాము కురుస్తాదంటావా? సంచికి ఇంకో రెండు కిలోలు కూరినాను. మీ మేనేజరుది ఎంత నోరప్పా!

ఇట్లు, సుబ్బలక్ష్మమ్మ

తా.క. కోపం నీ మీదే. పైసంచిలో జరీనా పిల్లలకు రెండు ముద్దలు ఎక్కువే వేసినాను.

అత్తిబెలె, 25-6-1997

అమ్మా, పాదాభివందనాలు.

మీ ఉత్తరం విప్పేలోపే అంతా అయిపోయింది. ట్రేలు కొనడానికి ద్రాక్ష వ్యాపారి జయరామప్పగారు వచ్చి ఉన్నారు. సంచి తొమ్మిది కిలోలు తూగేసరికి మేనేజరుగారు దాన్ని కోయించారు. బెల్లం, వేరుశనగలు! ఇసుక రవ్వంతైనా లేదు. జరీనా ఏడ్చేసింది. జయరామప్పగారు మాత్రం అడుగు ట్రేను తిప్పి తిప్పి చూశారు. "నేను ఇసుక అమ్మను గదా. సరుకు మోసింది, వంగలేదు, చాలు" అని రెండు వేల ట్రేలు రాయించుకున్నారు. మా ఉద్యోగాలు నిలిచాయమ్మా. మీ రుణం తీర్చుకోలేను.

మీ ఓంకార్

తా.క. మేనేజరుగారు బెల్లం రుచి చూసి మరీ రిపోర్టు మీద సంతకం పెట్టారు. అయితే ఇసుక కంపెనీ సొత్తట, తిరిగివ్వమంటున్నారు.

నగర్తపేట, 30-6-1997

బంగారు ఓంకార్‌కు,

నా ఉత్తరం చదివి ఎంత నొచ్చుకున్నావో, మనసులో పెట్టుకోవద్దప్పా. నీ ఉద్యోగం నిలిచింది, నా గోడా నిలిచింది. మీ ఇసుక ఆ గోడలోనే ఉండాది. తొలి వారమే మేస్త్రీని పిలిచి బీటలు పూడిపించినాను. గోడకు కాకుంటే ఇంకొకరింటికి ఇసుక ఎవరు పంపుతారప్పా? మీ మేనేజరును వచ్చి చూసుకుని పొమ్మను. భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో, సుబ్బలక్ష్మమ్మ

తా.క. వెనక గోడా బీటలిచ్చింది. ఈసారి ఐదు ట్రేలలోనే ఇసుక పెట్టు. ఆరోదాంట్లో సిమెంటు పంపు.